శునకాల కు.ని. శస్త్రచికిత్సకు అదను చిత్తకార్తెకు ముందే

చిత్తకార్తె వచ్చిందంటే వీధికుక్కలు గుంపులు కట్టడం పల్లెవాసులకు తరతరాలుగా తెలిసిన సంగతే. తిట్టుగా స్థిరపడిపోయిన ఆ మాట వెనుక జీవశాస్త్ర సత్యం దాగి ఉంది. దేశవాళీ ఆడకుక్కల్లో అధికభాగం వర్షాకాలం చివర ఎదకు వస్తాయి. అక్టోబరు రెండో వారంలో మొదలయ్యే చిత్తకార్తెలో చూలు కట్టిన కుక్క సుమారు 63 రోజులకు, అంటే డిసెంబరు నడిమికి పిల్లలు పెడుతుంది. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్, వనస్థలిపురం కాలనీల్లో సంక్రాంతి నాటికి మెట్ల కింద, నిలిపి ఉంచిన వాహనాల కింద కుక్కపిల్లలు కనిపించడానికి కారణం ఇదే. వీధికుక్కల సంఖ్యను అదుపులో పెట్టాలంటే ఎన్ని శస్త్రచికిత్సలు చేశారన్నది ఎంత ముఖ్యమో, ఏ నెలల్లో చేశారన్నదీ అంతే ముఖ్యం.

ఈ ప్రాంతానికి ఇది పత్రికల్లో చదివి మరచిపోయే సమస్య కాదు. 2023 ఫిబ్రవరి 19న మూసీ ఆవలి ఒడ్డున అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. రాష్ట్ర హైకోర్టు ఆ ఘటనను సుమోటోగా విచారణకు స్వీకరించింది. నాటి నుంచి కాలనీ సంఘాల సమావేశాల్లో కుక్కల బెడద ప్రస్తావనకు రాని సందర్భం అరుదు.

ఆరేళ్లలో 67 వేలు నిజమేనా?

ఒక జత కుక్కలు, వాటి సంతానం కలిసి ఆరేళ్లలో 67 వేలవుతాయని, ఒక జత పిల్లులు ఏడేళ్లలో 4 లక్షల 20 వేలవుతాయని జంతు సంక్షేమ కరపత్రాల్లో ఏళ్ల తరబడి అచ్చవుతోంది. పుట్టిన ప్రతి పిల్లా బతికి, ప్రతి ఆడపిల్లా తప్పక ఈనుతూ పోతేనే ఆ అంకెలు నిజమవుతాయి. వీధిలో అలా జరగదు. కోల్‌కతాలోని భారతీయ విజ్ఞాన విద్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పశ్చిమబెంగాల్‌లో 95 ఈతలకు చెందిన 364 వీధికుక్క పిల్లలను గమనించి 2016లో ఫలితాలను ప్రచురించారు. సంతానోత్పత్తి వయసు వరకు బతికినవి 19 శాతం మాత్రమే. మరణాల్లో 63 శాతానికి ప్రత్యక్షంగానో పరోక్షంగానో మనుషులే కారణమని తేలింది.

అంటే ఒక్కో ఈతకు సగటున నాలుగుకు కాస్త తక్కువ పిల్లలు, వాటిలో పెరిగి పెద్దదయ్యేది సగటున ఒకటైనా నిండదు. ఇంత తక్కువైనా గుంపు తరగకపోవడానికి కారణం తల్లికుక్క మరుసటి ఏడు మళ్లీ ఈనడమే.

ఈ లెక్కనే మన వీధులకు అన్వయించి చూడవచ్చు. ఒక ప్రాంతంలో వంద ఆడకుక్కలు ఉన్నాయనుకుందాం. ఏడాదికి ఒక్క ఈత చొప్పున ఏటా సుమారు 73 పిల్లలు బతికి బయటపడతాయి. ముప్ఫై కుక్కలకు శస్త్రచికిత్స చేస్తే ఆ సంఖ్య 51కి దిగుతుంది. వాటిలో ఆడవి పాతిక. ఏడాదిలో ప్రమాదాలకు, రోగాలకు బలయ్యే పెద్ద కుక్కల స్థానం భర్తీ కావడానికి ఆ పాతిక చాలు. అందుకే అరకొర శస్త్రచికిత్సలతో వీధిలో మార్పేమీ కనిపించదు. అదే డెబ్బై కుక్కలకు చేస్తే మిగిలేవి 22 పిల్లలు, వాటిలో ఆడవి పదకొండు. గుంపు తరగడం అక్కడి నుంచే మొదలవుతుంది. నిపుణులు 70 శాతం అని పదే పదే చెప్పడంలోని అంతరార్థం ఇదే.

జైపూర్ అనుభవం దీనికి నిదర్శనం. అక్కడ ఒక స్వచ్ఛంద సంస్థ 1994 నుంచి 2002 వరకు ఆడకుక్కలపై దృష్టి నిలిపి, వాటిలో 65 శాతానికి శస్త్రచికిత్స చేసి రేబిస్ టీకా వేసింది. కుక్కల సంఖ్య 28 శాతం తగ్గింది. కార్యక్రమం అమలైన ప్రాంతంలో మనుషుల్లో రేబిస్ కేసులు లేకుండా పోయాయి. ఎనిమిదేళ్ల శ్రమకు ఫలితం 28 శాతమే కదా అనిపించవచ్చు. కానీ పట్టి చంపే పద్ధతిని మద్రాసు నగరం శతాబ్దానికి పైగా పాటించి, కుక్కలు తగ్గకపోవడంతో 1996లో జనన నియంత్రణ వైపు మళ్లిందన్న సంగతి మరువరాదు.

మృగశిర నుంచి హస్త వరకు

కుక్కల జనన నియంత్రణ నిబంధనలు మొదట 2001 డిసెంబరులో వెలువడ్డాయి. వాటి స్థానంలో 2023 మార్చిలో కొత్త నిబంధనలు వచ్చాయి. రెండింటి సారం ఒక్కటే. కుక్కను పట్టాలి, శస్త్రచికిత్స చేయాలి, రేబిస్ టీకా వేయాలి, గుర్తుగా చెవి కొస కత్తిరించాలి, కోలుకున్నాక పట్టిన చోటే విడిచిపెట్టాలి. ఆరు నెలల లోపు పిల్లలను పట్టరాదు.

ఇక్కడే కార్తెల లెక్క అక్కరకు వస్తుంది. డిసెంబరు నడుమ పుట్టిన పిల్లకు జూన్ నడుమ, అంటే మృగశిర కార్తెలో ఆరు నెలలు నిండుతాయి. అప్పటికి తల్లి పాలిచ్చే దశ కూడా దాటుతుంది. కుక్కలు ఆగస్టు నుంచే ఎదకు రావడం మొదలై, చిత్తకార్తె నాటికి ఆ దశ ముమ్మరమవుతుంది. మృగశిర మొదలుకొని హస్త కార్తె ముగిసే వరకు ఉన్న నాలుగు నెలల్లో, అందులోనూ మొదటి రెండు నెలల్లో చేసిన ప్రతి ఆడకుక్క శస్త్రచికిత్సా ఒక ఈతను ఆపినట్టే. నవంబరులో పట్టినవి చాలా వరకు చూలుతో ఉంటాయి. జనవరిలో పట్టబోతే పాలు తాగే పిల్లలు అడ్డు. కాలనీవాసుల ఫిర్యాదులు మాత్రం ఎక్కువగా పిల్లలు కనిపించాకే వస్తాయి. అప్పటికే ఆ ఏటి అదను దాటిపోయి ఉంటుంది.

2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్ పురపాలక సంఘం జీహెచ్ఎంసీలో విలీనమైంది. అటు తరువాత ఈ ప్రాంతపు కుక్కలకు ఆటోనగర్‌లోని జంతు సంరక్షణ కేంద్రం ప్రధాన శస్త్రచికిత్స కేంద్రంగా నిలిచింది. శస్త్రచికిత్స తరువాత కుక్కను కనీసం నాలుగైదు రోజులు అక్కడే ఉంచవలసి ఉంటుంది. అందువల్ల రోజుకు ఎన్ని కుక్కలను పట్టగలరన్నది వాహనాల మీద కాక బోనుల సంఖ్య మీదే ఆధారపడుతుంది. ఏడాదంతా ఒకే వేగంతో నడిచే కేంద్రంలో, అదను ఉన్న నెలల్లో బోనులు చాలవు.

పట్టిన కుక్కను మళ్లీ అక్కడే ఎందుకు వదులుతున్నారన్నది జనం తరచుగా అడిగే ప్రశ్న. ప్రతి వీధీ ఒక గుంపు హద్దు. అది ఖాళీ అయితే, తిండి దొరుకుతున్నంత కాలం పక్క వీధి నుంచి శస్త్రచికిత్స లేని కుక్కలు వచ్చి చేరతాయి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి పరిసరాల్లో వసతిగృహాలు, మెస్‌లు కిక్కిరిసి ఉంటాయి. వాటి ఎంగిలి, మాంసం దుకాణాల వ్యర్థాలు కుక్కలకు ఏడాది పొడవునా ఆహారం. అయితే సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న దీనికి కొన్ని మినహాయింపులు విధించింది. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లో పట్టిన కుక్కలను తిరిగి అక్కడ వదలరాదని, ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని ఆదేశించింది. అంతకుముందు ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వుల్లో, రేబిస్ సోకినవి, దూకుడుగా ఉన్నవి మినహా మిగిలిన వీధికుక్కలను పట్టిన చోటే వదలాలని పేర్కొంది.

మార్జాలానికి కార్తె లేదు

పిల్లుల తీరు వేరు. పగటి పొద్దు పెరిగేకొద్దీ అవి ఎదకు వస్తాయి. శీతల దేశాల్లో చలికాలపు పగలు బాగా కుంచించుకుపోవడంతో కొన్ని నెలలు విరామం ఉంటుంది. హైదరాబాద్‌లో అతి పొట్టి పగలు సుమారు 11 గంటలు, అతి పొడవైనది 13 గంటలు. ఈ స్వల్ప తేడా వల్ల ఇక్కడి పిల్లులకు నికరమైన విరామం లేదు. గర్భకాలం సుమారు 65 రోజులు, ఈతకు దాదాపు నాలుగు పిల్లలు. జతకట్టాకే అండం విడుదల కావడం వల్ల గర్భం తప్పిపోయే సందర్భాలు తక్కువ. పిల్లలు పాలు తాగుతుండగానే తల్లి మళ్లీ చూలు కట్టగలదు. నాలుగైదు నెలల కూన కూడా తల్లి కావచ్చు. అందుకే ఇంటి పిల్లికి ఆరు నెలలు నిండకముందే పశువైద్యుని సంప్రదించడం మంచిది. ఇక వీధి పిల్లుల లెక్క తేల్చడం ఎవరి తరమూ కాదు. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందన్న మాట ఊరకే పుట్టలేదు.

పెంపుడు జంతువుల బాధ్యత నిబంధనల ప్రకారం యజమానిదే. కడుపునిండా తిండి ఉన్న జాతికుక్కకు కార్తెతో పనిలేదు. సగటున ఆరేడు నెలలకొకసారి ఎదకు వస్తుంది. లాబ్రడార్ వంటివి ఒక్క ఈతలో ఏడెనిమిది పిల్లలు పెట్టడం మామూలే. అన్నింటికీ ఇళ్లు దొరకక కొన్ని వీధిపాలవుతాయి. ఒక ఈత అయ్యాకే శస్త్రచికిత్స చేయించాలన్న నమ్మకానికి వైద్యపరమైన ఆధారం లేదు. పైగా తొలి ఎదకు ముందే చేయిస్తే రొమ్ము కణితుల ముప్పు బాగా తగ్గుతుంది. పిల్లలను అమ్ముకునేవారికి 2017 నాటి కేంద్ర నిబంధనలు వర్తిస్తాయి. రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు తప్పనిసరి. 18 నెలలు నిండని కుక్కను ఈనించరాదు, జీవితకాలంలో ఐదు ఈతలు మించరాదు, ఎనిమిది వారాల లోపు పిల్లలను విక్రయించరాదు.

వీధిలోని ఏ కుక్కకు శస్త్రచికిత్స జరిగిందో తెలుసుకోవడానికి చెవి చూస్తే చాలు. కొస తెగి ఉంటే అయినట్టు. డిసెంబరులో ఏ సందులో ఏ కుక్క పిల్లలు పెట్టిందో, ఎన్ని బతికాయో కాలనీ సంఘాలు రాసిపెట్టుకుని, ఆ జాబితాను జూన్ మొదటి వారంలో నగరపాలక పశువైద్య విభాగానికి అందజేస్తే సిబ్బందికి వెదుకులాట తప్పుతుంది.