కోనమణి వంశం

1921లో మద్రాసు రాజధాని వ్యవసాయ శాఖ కోయంబత్తూరు నుండి ఒక సన్నరకం వరిని రైతులకు అందించింది. కోనమణి అనే పాతరకంలో దానంతటదే కలిగిన మార్పును గుర్తించి, వేరుచేసి, వృద్ధి చేసిన వంగడమది. దానికి జి.ఇ.బి. 24 అని పేరు పెట్టారు. గవర్నమెంట్ ఎకనమిక్ బొటానిస్ట్ అనే ఉద్యోగ హోదాకు పొడి అక్షరాలవి. ఆ పేరులో కోనమణికి గాని, దానిని తరతరాలుగా విత్తుకున్న రైతులకు గాని చోటు దక్కలేదు.

ఆ కాలపు వరి మొక్కలు పొడుగైనవి. ఎరువు ఎక్కువైతే పైరు ఏపుగా ఎదిగి, గింజ పాలుపోసుకునే వేళకు నేలకొరిగేది. ఈ చిక్కును విప్పినది తైవాన్‌కు చెందిన డీ-జియో-వూ-జెన్ అనే పొట్టి వరి. దాని సంతతిగా తైచుంగ్ నేటివ్-1, ఆపైన 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నుండి ఐ.ఆర్. 8 వెలువడ్డాయి. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఐ.ఆర్. 8ను పండించి, దాని వ్యాప్తికి తోడ్పడ్డారు. గాదెలు నిండాయి. కాని బియ్యం ముతక. అన్నం చల్లారితే గట్టిపడేది. సన్నబియ్యానికి అలవాటుపడిన ఇళ్లకు అది రుచించలేదు.

రాశికీ రుచికీ పొత్తు కుదిర్చిన వంగడం 1986లో బాపట్ల నుండి విడుదలైన సాంబ మసూరి; రైతుల వాడుకలో బి.పి.టి. దాని వంశవృక్షంలో జి.ఇ.బి. 24, తైచుంగ్ నేటివ్-1, మసూరి కలిశాయి. వీటిలో మసూరి కూడా దేశాలు దాటినదే. 1950లలో కటక్‌లో సాగిన సంకర కార్యక్రమంలో మొదలై, మలేసియాలో ఎంపికై, 1965లో అక్కడ విడుదలై, తిరిగి మన పొలాలకు చేరింది.

ఈ ఎంపికలన్నీ కంటిచూపుతో, చేతి అనుభవంతో జరిగినవి. వాటి వెనుకనున్న జన్యువులు తరువాత బయటపడ్డాయి. ఈ పొట్టితనానికి మూలం జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోను తయారీలోని లోపమని 2002లో తేలింది. 2006లో గుర్తించిన జి.ఎస్.3 గింజ పొడవుకు, 2007లో గుర్తించిన జి.డబ్ల్యు.2 గింజ వెడల్పుకు కళ్లెం వేసే జన్యువులు. అవి పనిచేయకపోతే గింజ పెద్దదవుతుంది. 2005లో జపాన్ శాస్త్రజ్ఞులు వెల్లడించిన జన్యువు తీరు వేరు. సైటోకైనిన్ అనే హార్మోనును హరించే ఎంజైమును అది తయారుచేస్తుంది. దాని ధాటి తగ్గితే కంకిలో ఆ హార్మోను నిలిచి, గింజల సంఖ్య పెరుగుతుంది.

గింజను లావు చేయకుండా దిగుబడి పెంచే దారి ఇలా కనబడింది. హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిలో ఈ జన్యువునే సవరించి 'కమల'ను రూపొందించగా, కేంద్ర ప్రభుత్వం 2025 మే 4న దానిని ప్రకటించింది. మాతృరకం కంటే 19 శాతం అధిక దిగుబడి, సుమారు 20 రోజుల ముందు కోత దాని విశేషాలని ఆ ప్రకటన తెలిపింది.

2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం, కొత్త రకాన్ని నమోదు చేయించేవారు దాని జనక రకాలను, అవి దొరికిన ప్రాంతాన్ని, రైతుల తోడ్పాటును తెలియజేయాలి. 1921లో అటువంటి నియమం లేదు. ఇప్పుడున్నది గనుక ఆ వివరాలను శ్రద్ధగా నింపించడం మనవంటి ఉద్యోగుల బాధ్యత. కమల వంశావళిని వెనుకకు చదువుతూ పోతే, ఉద్యోగ హోదా వద్ద ఆగిపోనక్కరలేదు. దానికి ముందు కోనమణి ఉన్నది.