పుట్టుకకు అంటిన పాపం ఎవరిది?

బైలాడీలా కొండల కింద ఉన్న కిరండూల్‌లో తెలుగు కుటుంబాలు రెండు మూడు తరాలుగా కాపురం ఉంటున్నాయి. 1968లో ఇక్కడ ఇనుప ఖనిజం తవ్వకం మొదలైంది. కొత్తవలస నుంచి అరకు, కోరాపుట్, జగదల్‌పుర్ మీదుగా వేసిన రైలుమార్గం ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపింది. అదే మార్గాన మనవాళ్లు పని వెతుక్కుంటూ కొండ ఎక్కారు. చర్చికి వెళ్లేవాళ్లు, గుడికి వెళ్లేవాళ్లు, బుద్ధవందన చేసేవాళ్లు ఇక్కడ ఇరుగుపొరుగుగానే బతుకుతున్నారు. ఇంట్లో అకాల మరణం జరిగినప్పుడు మాత్రం అందరి నోటా దాదాపు ఒకే రకం మాటలు వస్తాయి. ఒకరు "దేవుని చిత్తం" అంటారు. మరొకరు "ఏ జన్మలో ఏ పాపం చేశామో" అంటారు. మాటలు ఓదార్పు కోసమే అయినా, కష్టానికి బాధ్యులెవరో కూడా అవే తేల్చేస్తాయి. ఆ తీర్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే చరిత్రలోకి వెళ్లాలి.

క్రైస్తవంలో జన్మపాప సిద్ధాంతానికి గట్టి రూపం ఇచ్చినవాడు అగస్టీను (354–430). నేటి అల్జీరియాలోని హిప్పో పట్టణానికి బిషప్పు. యౌవనంలో సుమారు తొమ్మిదేళ్లు మాని మతంలో ఉన్నాడు. ఆ మతాన్ని స్థాపించిన మాని, తనకు ముందు వచ్చిన దూతల్లో బుద్ధుణ్ణి కూడా లెక్కించాడు. లోకమంతా వెలుగుకూ చీకటికీ మధ్య పోరాటమని ఆ మతం చెప్పింది. అప్పుడు మనిషి చేసే కీడు చీకటి పనే అవుతుంది. ఈ సమాధానంతో తృప్తిపడని అగస్టీను దాన్ని విడిచిపెట్టాడు. దేవుడు మంచివాడు, ఆయన సృష్టి మంచిది, కీడు మనిషి స్వేచ్ఛా చిత్తం నుంచి పుట్టింది అని వాదిస్తూ ఒక గ్రంథమే రాశాడు.

అదే స్వేచ్ఛను బ్రిటన్ నుంచి వచ్చిన పెలాగియస్ మరింత గట్టిగా నమ్మాడు. దేవుడు ఒక ఆజ్ఞ ఇచ్చాడంటే దాన్ని పాటించే శక్తినీ మనిషికి ఇచ్చి ఉండాలి కదా అన్నాడు. ఆదాము తప్పు ఆదాముదే, పుట్టిన బిడ్డ నిర్దోషి అన్నది ఆయన పక్షం. 410లో గోతులు రోమును దోచుకున్న కాలంలో ఆయన ఆఫ్రికా మీదుగా పాలస్తీనాకు చేరాడు. వాదం ముదిరింది. ఆదాములోనే మానవులందరూ పతనమయ్యారనీ, ఆ దోషం వంశపారంపర్యంగా వస్తోందనీ, దేవుని కృప లేకుండా మనిషి చిత్తం మంచివైపు తిరగలేదనీ అగస్టీను నిలబడ్డాడు. 418లో కార్తేజి సభ పెలాగియస్ మతాన్ని ఖండించింది.

ఈ వాదంలో ఒక అనువాద సమస్య కూడా ఉంది. పౌలు రోమీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో ఒక గ్రీకు మాటను "అందరూ పాపం చేసినందువల్ల" అని చదువుకోవచ్చు. అగస్టీను చదివిన లాటిన్ పాఠాన్ని "అతనిలో అందరూ పాపం చేశారు" అని అర్థం చేసుకునే వీలుంది. ఆయన అలాగే అర్థం చేసుకున్నాడు. గ్రీకు మూలం చదివే తూర్పు సంఘాలు ఆదాము వల్ల మరణం వచ్చిందని ఒప్పుకున్నాయి గానీ, అతని నేరం బిడ్డకు అంటుతుందన్న మాటను పాశ్చాత్యుల్లా తీసుకోలేదు.

అసలు చిక్కు పసిబిడ్డల దగ్గర వచ్చింది. బాప్తిస్మం లేకుండా చనిపోయిన శిశువుకూ శిక్ష ఉందనీ, అది అన్నిటికన్నా తేలికైనదనీ అగస్టీను చెప్పాడు. ఏ పనీ చేయని బిడ్డను శిక్షించే దేవుణ్ణి న్యాయవంతుడని ఎలా అంటారని ఎక్లానం బిషప్పు జూలియన్ నిలదీశాడు. ఆ ప్రశ్న అగస్టీను చనిపోయేదాకా ఆయన్ను వదల్లేదు, తర్వాత సంఘాన్నీ వదల్లేదు. బాప్తిస్మం లేకుండా పోయిన శిశువులకు రక్షణ కలుగుతుందని ఆశించడానికి బలమైన కారణాలున్నాయని కాథలిక్ వేదాంత సంఘం 2007లో ప్రకటించింది. అంతవరకు రావడానికి దాదాపు పదహారు వందల ఏళ్లు పట్టింది.

ఈ సిద్ధాంతం తెలుగు నేలకు వచ్చేసరికి అక్కడ ఇంకో జన్మదోషం కాచుకుని ఉంది. మాదిగవాడలో పుట్టినవాడికి ఊరు చెప్పింది ఒక్కటే: పూర్వజన్మలో చేసుకున్నది ఇప్పుడు అనుభవిస్తున్నావు. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ వద్దకు 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద వచ్చాడు. తోళ్ల వ్యాపారి, అప్పటికే యోగమార్గంలో సాధన చేసినవాడు. ఆయన వెంట ఊళ్లు కదిలాయి. మిషనరీ బోధలో జన్మపాపం ఉంది, అయితే అందులో కరణానికీ, రెడ్డికీ, దొరకూ, కూలికీ ఒకే వాటా. దోషం అందరిదీ అయ్యేసరికి, మాల మాదిగలకే అంటగట్టిన ప్రత్యేక దోషం బలం పోగొట్టుకుంది. ఆ కాలపు అంటరాని జనం ఈ బోధను ఎందుకు ఆదరించారో అర్థం చేసుకోవడానికి బౌద్ధులమైన మనం సంకోచించనక్కరలేదు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. బాప్తిస్టులు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. తెలివి వచ్చినవాడు తన నోటితో ఒప్పుకోవాలి. క్లౌ మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వెట్టికి పిలిస్తే వెళ్లాల్సినవాడు, పండుగకు డప్పు కొట్టాల్సినవాడు మొదటిసారి "నేను రాను" అన్నాడు. ఊరి పెద్దలతో తగాదా అక్కడే వచ్చింది. చిత్తం బందీ అని చెప్పే సిద్ధాంతం కిందే ఒక మనిషి తన చిత్తాన్ని వాడుకోవడం నేర్చాడు. 1927లో మహద్‌లో చచ్చిన పశువు మాంసం మానమని బాబాసాహెబ్ చెప్పినప్పుడు వినిపించింది కూడా ఇలాంటి పిలుపే.

1876–78 కరువు ఈ కథను పరీక్షించింది. వానలు లేవు. అయినా ధాన్యం ఎగుమతి ఆగలేదు. సహాయపు పనుల్లో కూలీకి రోజుకు ఒక పౌను, అంటే అర కిలో కన్నా తక్కువ ధాన్యం సరిపోతుందని సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. లక్షలమంది చనిపోయారు. ఇది దేవుని కోపమా, ఆదాము పాపమా, పూర్వజన్మ ఫలమా? క్లౌ ఆ రోజుల్లో బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని పెట్టాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి తెలుగు బోధకులు బాప్తిస్మం ఇచ్చారు. ఆ జనాన్ని కరువులో బతికించినది కాలువ గట్టు మీద దొరికిన పని, దాన్ని దొరికించిన మనుషులు.

తథాగతుడు ఈ విషయాన్ని అంగుత్తర నికాయంలోని తిత్థాయతన సుత్తంలో మూడు ముక్కల్లో తేల్చాడు. సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లనే అనేవారు, ఈశ్వర సృష్టి వల్లనే అనేవారు, ఏ కారణమూ లేదనేవారు, ముగ్గురూ ఒకే చోటికి చేరతారని ఆయన చూపాడు. అలాగైతే హంతకుడు పూర్వకర్మ వల్లనో, దేవుడి వల్లనో, ఊరికేనో హంతకుడయ్యాడు. ఇది చేయాలి, ఇది చేయకూడదు అన్న సంకల్పానికీ ప్రయత్నానికీ చోటు మిగలదు. ఇక్కడ మొదటి దెబ్బ పూర్వకర్మ వాదం మీదే పడిందని గుర్తుంచుకోవాలి. అగస్టీనును తప్పుపట్టి, ఇంట్లో మాత్రం "మన కర్మ" అనుకునే బౌద్ధుడు సుత్తాన్ని సగమే చదివినట్టు. పేదవాడి పుట్టుకను పూర్వకర్మతో సమర్థించడాన్ని బాబాసాహెబ్ 1957లో వెలువడిన తన "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో ఒప్పుకోకపోవడం ఈ దారిలోనిదే.

2024 జూలైలో కుండపోత వానకు బైలాడీలా మీది నుంచి ఎర్రటి బురదనీరు కిరండూల్ ఇళ్లలోకి వచ్చింది. ఇలాంటివాటికి బీమా పత్రాల్లో "యాక్ట్ ఆఫ్ గాడ్" అనే మాట ఒకటి ఉంది. వాన ఎవరి చేతిలోనూ లేదు. కొండను ఎంత తవ్వాలి, మట్టిని ఎక్కడ పోయాలి, నీటికి ఏ దారి వదలాలి అన్నవి మాత్రం మనుషులు కూర్చుని తీసుకున్న నిర్ణయాలు. బురద ఎత్తిపోసుకున్న ఇల్లాలికి ఆదాము కథ గానీ పూర్వజన్మ కథ గానీ చెప్పి పంపేస్తే ఆ నిర్ణయాలను అడిగేవాడు ఉండడు. అడిగే పని మనది. చర్చికి వెళ్లే పొరుగింటివాళ్లనూ కలుపుకుని అడగవచ్చు.