స్వయంచాలక రైలు రక్షణ వ్యవస్థ (మేడ్చల్ - శామీర్‌పేట ప్రాంతం)

స్వయంచాలక రైలు రక్షణ వ్యవస్థ అనగా చోదకుడు ఎరుపు సిగ్నలును దాటినపుడు గానీ, అనుమతించిన వేగాన్ని మించినపుడు గానీ రైలుకు తనంతట తానే బ్రేకులు వేసే ఏర్పాటు. హైదరాబాదుకు ఉత్తరాన గల మేడ్చల్ మీదుగా భారతీయ రైల్వే మార్గం ఉంది. మేడ్చల్, శామీర్‌పేటలు రెండింటికీ మెట్రో మార్గాలు కూడా ప్రతిపాదించబడ్డాయి. ఈ రెండు రకాల మార్గాలకు తగిన రక్షణ వ్యవస్థలు వేరు.

ఆవశ్యకత

2019 నవంబరు 11న కాచిగూడ స్టేషనులో ఒక ఎం.ఎం.టి.ఎస్ రైలు ఎరుపు సిగ్నలును దాటి హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొన్నది. పలువురు ప్రయాణికులు గాయపడ్డారు. ఎం.ఎం.టి.ఎస్ చోదకుడు కొద్ది రోజుల తరువాత మరణించాడు. ఇటువంటి ప్రమాదాలను నివారించటమే ఈ వ్యవస్థల ప్రధానోద్దేశం.

కవచ్

ఇది భారతీయ రైల్వే పరిశోధన, రూపకల్పన, ప్రమాణాల సంస్థ స్వదేశీ పరిశ్రమలతో కలిసి రూపొందించిన వ్యవస్థ. వీటిలో హైదరాబాదుకు చెందిన మేధా, కెర్నెక్స్, శామీర్‌పేట ప్రాంతంలో కర్మాగారాలున్న హెచ్.బి.ఎల్ ముఖ్యమైనవి. పట్టాల మధ్య అమర్చిన ట్యాగుల ద్వారా రైలు తన స్థానాన్ని గుర్తిస్తుంది. స్టేషనులోని పరికరంతో రేడియో ద్వారా సంభాషిస్తుంది. 2020 జూలైలో దీనిని జాతీయ వ్యవస్థగా స్వీకరించారు. 2022 మార్చి 4న గుల్లగూడ - చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య జరిగిన పరీక్షలో, ఎదుటనున్న ఇంజనుకు 380 మీటర్ల దూరంలో రైలు దానంతట అదే ఆగింది. దక్షిణ మధ్య రైల్వేలో కవచ్ అమర్చిన మార్గాలలో మన్మాడ్ - నిజామాబాదు - సీతాఫల్‌మండి - గుంతకల్లు మార్గం ఒకటి. మేడ్చల్ ఈ మార్గంలోనిదే.

మెట్రో పద్ధతి

2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాదు మెట్రోలో రేడియో సంభాషణ ఆధారిత రైలు నియంత్రణ ఉంది. థేల్స్ సంస్థ దీనిని సరఫరా చేసింది. ఈ పద్ధతిలో ప్రతి రైలు తన స్థానాన్ని ఎడతెగక తెలుపుతూ ఉంటుంది. అందువలన ముందు రైలు కదిలేకొద్దీ వెనుక రైలుకు అనుమతించే దూరం పెరుగుతుంది. జూబ్లీ బస్ స్టేషన్ నుండి మేడ్చల్‌కు (24.5 కి.మీ.), శామీర్‌పేటకు (22 కి.మీ.) మెట్రో మార్గాల ప్రతిపాదనను 2025లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించింది.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

* మార్గ స్వభావం: మేడ్చల్ రైలుమార్గంలో 2023 ఏప్రిల్ నుండి నడుస్తున్న ఎం.ఎం.టి.ఎస్‌తో పాటు ఎక్స్‌ప్రెస్, గూడ్సు బళ్ళు కూడా తిరుగుతాయి. అవి దేశమంతటా తిరిగేవి కనుక దేశమంతటికీ ఒకే ప్రమాణం గల కవచ్ తగినది. మెట్రోలో ఇతర రైళ్ళు ప్రవేశించవు.
* రైళ్ళ మధ్య వ్యవధి: కొద్ది నిమిషాలకొక రైలు నడపవలసిన చోట మెట్రో పద్ధతి అనుకూలం. కవచ్ ఉన్న సిగ్నళ్ళకు అదనపు రక్షణగా పనిచేస్తుంది. అందువలన రైళ్ళ మధ్య దూరాన్ని ఆ సిగ్నళ్ళే నిర్ణయిస్తాయి.
* సంపూర్ణత: పట్టాలు, స్టేషన్లతో బాటు రైలులో కూడా పరికరాలు ఉండాలి. ఏ ఒక్కచోట లోపించినా రక్షణ పూర్తి కాదు.

ఇవి కూడా చూడండి

* హైదరాబాదు ఎం.ఎం.టి.ఎస్
* హైదరాబాదు మెట్రో
* దక్షిణ మధ్య రైల్వే