ఆటగాడి కన్ను

1936 ఫిబ్రవరి 8. ఫిలడెల్ఫియాలోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే లీగ్‌లోని తొమ్మిది జట్ల తరఫు పెద్దలు ఒకచోట చేరారు. వాళ్ల ముందు 90 మంది కాలేజీ కుర్రాళ్ల పేర్ల జాబితా. వంతులవారీగా ఒక్కో జట్టు ఒక్కో పేరు ఎంచుకోవాలి. లీగ్ చరిత్రలో అదే తొలి డ్రాఫ్ట్. ఆ రోజుల్లో ఆటగాళ్లను వెతికిపెట్టే స్కౌట్లు లేరు. పేపర్లలో చదివింది, ఎవరో చెప్పగా విన్నది, అదే ఆధారం. అందరికంటే ముందు ఎంపికైన జే బెర్వాంగర్ ఆ తర్వాత లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఇలా చీకట్లో చెయ్యి పెట్టి వెతుక్కునే పద్ధతికి ముందుగా స్వస్తి చెప్పింది లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టు. యజమాని డాన్ రీవ్స్ 1946లో ఎడ్డీ కోటల్‌ను స్కౌట్‌గా నియమించుకున్నాడు. 1920లలో గ్రీన్ బే ప్యాకర్స్‌కు ఆడినవాడు కోటల్. అదే పనిగా ఊళ్లు తిరిగి ఆటగాళ్లను వెతికే ఉద్యోగానికి ఆద్యుడిగా అతని పేరే చెబుతారు. ప్రేక్షకుడి చూపు బంతి వెంట పోతుంది. ఆడినవాడు బంతిని వదిలేసి పాదాలు చూస్తాడు. ఆట మొదలయ్యే క్షణంలో మొదటి అడుగు ఎటు పడింది, దెబ్బ తగిలాక ఎంత వేగంగా లేచాడు అని గమనిస్తాడు. స్కౌట్‌కు కావలసింది ఆ చూపే.

మిగతా జట్లు అడుగుపెట్టని నల్లజాతీయుల కాలేజీలకు కూడా కోటల్ వెళ్లాడు. 1934 నుంచి 1945 దాకా లీగ్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడు కూడా లేడు. అది రాతలో లేని నిషేధం. లూసియానాలోని గ్రాంబ్లింగ్ కాలేజీలో ఆడుతున్న పాల్ యంగర్‌ను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. ‘ట్యాంక్’ అని పిలిచే ఆ బలశాలిని 1949లో రామ్స్ తీసుకుంది. నల్లజాతీయుల కాలేజీ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి వచ్చిన మొదటివాడు అతనే.

ఆట ముగించాక యంగర్ అదే రామ్స్‌కు స్కౌట్ అయ్యాడు. ఒక స్కౌట్ కంటపడి బాగుపడిన మనిషి, ఇంకొందరిని వెతకడానికి బయల్దేరాడు. 1975లో మరో జట్టులో అసిస్టెంట్ జనరల్ మేనేజర్ పదవి దక్కింది. లీగ్‌లో ఆ హోదాకు చేరిన తొలి నల్లజాతీయుడు యంగరే.

ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు, రామ్స్‌కు ఆడిన ఇర్వ్ క్రాస్ దారి వేరు. 1971లో సీబీఎస్ టీవీలో విశ్లేషకుడిగా చేరాడు. జాతీయ టెలివిజన్‌లో పూర్తికాలం క్రీడా విశ్లేషకుడైన తొలి నల్లజాతీయుడు అతను. 1975 నుంచి ‘ద ఎన్‌ఎఫ్‌ఎల్ టుడే’ కార్యక్రమంలో ఆదివారం ఆదివారం కనిపించేవాడు. అరుపులు లేకుండా, జరిగింది జరిగినట్టు విడమరిచి చెప్పడం అతని తీరు. 2021లో క్రాస్ కన్నుమూశాక మెదడును పరీక్షించిన వైద్యులు సీటీఈ అనే జబ్బును నాలుగో దశలో గుర్తించారు. తలకు పదేపదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే వ్యాధి అది. ఆ ఆట తెచ్చిన పేరుతో పాటు దానికి చెల్లించిన మూల్యాన్నీ చెప్పుకోవాలి.

చాలాకాలం స్కౌట్ రాసుకున్న పుస్తకం గుట్టుగా ఉండేది, మైకు ముందు మాట అందరిదీ. 1980లో క్రీడల ఛానెల్ ఈఎస్‌పీఎన్ డ్రాఫ్ట్‌ను ప్రత్యక్ష ప్రసారం చేయడంతో ఈ రెంటి మధ్య గోడ కూలడం మొదలైంది. పేర్లు చదివే కార్యక్రమాన్ని ఎవరు చూస్తారని లీగ్ కమిషనర్ పీట్ రోజెల్ సందేహించాడు. జనం చూశారు. కుర్రాళ్ల బలాబలాలను టీవీలో వివరించడం కూడా ఒక వృత్తి అయింది.

2017లో శాన్‌ఫ్రాన్సిస్కో 49ర్స్ ఇంకో అడుగు వేసింది. జట్టు యాజమాన్య విభాగంలో ఎన్నడూ పనిచేయని జాన్ లించ్‌ను ఫాక్స్ టీవీ వ్యాఖ్యాత కుర్చీలోంచి తీసుకొచ్చి జనరల్ మేనేజర్‌ను చేసింది. 15 సీజన్లు ఆడిన డిఫెండర్ లించ్. 2022 డ్రాఫ్ట్‌లో అతని జట్టు చిట్టచివరిదైన 262వ ఎంపికగా బ్రాక్ పర్డీ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది. రెండేళ్లు తిరక్కుండానే, 2024 ఫిబ్రవరిలో, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో పర్డీ ఆ జట్టును నడిపించాడు.