జాబులోని మాట - జాబుపైని పేరు



పేరు వ్రాయకుండ వచ్చిన ఉత్తరమును మన పల్లెలలో 'ఆకాశరామన్న జాబు' అందురు. అట్టి జాబు కలెక్టరుగారి కచేరీకి చేరినదనగానే ఊరిలో రెండు ప్రశ్నలు పుట్టును. దానిలో ఏమున్నది? దానిని వ్రాసినవాడెవడు? మొదటి ప్రశ్న మాటకు సంబంధించినది. రెండవది పేరునకు సంబంధించినది. మాటను దాచు విద్య యొకటి, పేరును దాచు విద్య మరియొకటి. ఈ భేదము నెరుగక, ఒకటి చేసి రెండును చేసితిమని తలచినవారు చరిత్రలో పెక్కుమంది చిక్కులలో పడిరి.

నేడు జాబులు కాగితముమీదగాక కంప్యూటరులలోను, చేతిఫోనులలోను ఈమెయిలు అను పేర నడచుచున్నవి. వానిని రహస్యముగ పంపుటకు పెక్కు సాఫ్టువేరులు, అనగా కంప్యూటరును నడపుటకై వ్రాయబడిన ఆదేశసముదాయములు, వెలసినవి. వానిలో దేనిని గ్రహింపవలెను, దేనిని విడువవలెను అను విచారమునకు చరిత్రయే మేలైన గురువు. కావున ఆ చరిత్రను కొంత మనవి చేసెదను.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. వాత్స్యాయనుడు అరువదినాలుగు కళలను లెక్కించుచు 'మ్లేచ్ఛితవికల్పము' అనుదానిని చేర్చెను. అక్షరములను తారుమారుచేసి అన్యులకు అర్థము కాకుండ మాటను మరుగుపరచుట యని దాని భావము. కౌటిల్యుడు అర్థశాస్త్రమున చారుల వార్తలు సంజ్ఞాలిపిలో నడవవలెనని విధించెను. అంతటితో నూరకుండక, వార్తను పుట్టించు స్థానములవారును, దానిని మోయువారును ఒండొరుల నెరుగరాదనియు నియమించెను. సంజ్ఞాలిపి మాటను కాచును. ఒండొరుల నెరుగకుండుట మనిషిని కాచును. రెండు కాపుదలలును వేరు వేరుగ కావలెనని ఆ నీతివేత్త ఆనాడే గ్రహించెను.

విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకము నెరిగినవారికి అందలి కపటలేఖ జ్ఞప్తియందుండును. ఆ లేఖలో పంపినవాని పేరు లేదు. అందుకొనువాని పేరును లేదు. ఎక్కడినుండియో ఎవడో ఎవనికో తెలుపునట్లు అది వ్రాయబడినది. చాణక్యుడు దానిని రాక్షసుని మిత్రుడైన శకటదాసుచేత, సంగతి తెలియనీయక, వ్రాయించెను. రాక్షసుని ఉంగరముతో ముద్ర వేయించెను. పిమ్మట మలయకేతువు ముద్రను చూచి, అక్షరముల తీరును చూచి, ఆ లేఖ రాక్షసునిదే యని నిశ్చయించెను. నిరపరాధియగు రాక్షసునిపై ద్రోహియను నింద పడెను. పేరు లేని లేఖకు పేరెట్లు వచ్చినది? ముద్రవలన వచ్చినది, దస్తూరివలన వచ్చినది, తెచ్చినవానివలన వచ్చినది. లేఖలోని మాటకంటె లేఖ వెలుపలి గుర్తులే బిగ్గరగ పలికినవి.

ఈమెయిలు సంగతియు ఇట్టిదే. అది మనయొద్దనుండి తిన్నగా మిత్రునియొద్దకు పోదు. మన సంస్థవారి సర్వరను పెద్ద కంప్యూటరునకు పోయి, అచ్చటనుండి మిత్రుని సంస్థవారి సర్వరునకు పోయి, అచ్చట నిలుచును. దారిలో తాళము వేసిన సంచిలో పోయినను, ప్రతి మజిలీలోను ఆ సంచి తెరువబడును. కావున తపాలాకార్డును బంట్రోతు చదువగలిగినట్లే మజిలీవాడు దానిని చదువగలడు. చదువకున్నను, ఎవరు ఎవరికి ఎప్పుడు వ్రాసిరో వానికి తెలియును. ఏ ఫోనునుండి, ఏ ఇంటి తీగనుండి జాబు వచ్చినదో చెప్పు అంకెల చిరునామాయు వాని చిట్టాలో నెక్కును. ఇవియే నేటి ముద్రలు, నేటి దస్తూరి.

మొదట మాటను దాచిన కథ వినుడు. పూర్వపు గుప్తలిపుల కన్నిటికిని ఒక పెద్ద లోపముండెను. పెట్టెకు తాళము వేసి పంపితిమి సరే. తాళపుచెవిని ఎట్లు పంపవలెను? దానిని మోయువాడే దొంగయైనచో సర్వమును పోవును. 1976లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అను ఇద్దరు విద్వాంసులు ఈ చిక్కును విప్పు మార్గమును ప్రకటించిరి. తాళమును, తాళపుచెవిని వేరుచేయుటయే అందలి కిటుకు. నా తాళములను ఊరివారికందరికి పంచిపెట్టుదును. ఎవరైనను దానితో పెట్టెను మూసి నాకు పంపవచ్చును. మూసినవాడు సైతము దానిని తిరిగి తెరువలేడు. తెరచు చెవి నాయొద్దనే యుండును. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అను మువ్వురు గణితబలముతో దీనికి ఆచరణయోగ్యమైన రూపమిచ్చిరి. బ్రిటిషు ప్రభుత్వపు రహస్యశాఖలో కొందరు ఇట్టి యుపాయమును అంతకుముందే కనుగొనియుండిరని 1997లో లోకమునకు తెలిసెను.

రాజ్యముల చేతిలోనున్న ఈ విద్యను సామాన్యుని చేతికిచ్చినవాడు ఫిలిప్ జిమ్మర్‌మన్. 1991లో ఆయన 'ప్రెట్టీ గుడ్ ప్రైవసీ', పొట్టిగా పీ.జీ.పీ., అను సాఫ్టువేరును వ్రాసి ఉచితముగ లోకమునకు విడిచెను. ఆనాటి అమెరికా చట్టము గుప్తలిపి సాధనములను తుపాకులతో, మందుగుండుతో సమానముగ నెంచెడిది. అనుమతిలేక దేశము దాటించుట నేరము. 1993లో ఆయనపై నేరవిచారణ మొదలయ్యెను. అప్పుడొక చిత్రము జరిగెను. ఆ సాఫ్టువేరు లోపలి వ్రాతనంతయు 1995లో మసాచుసెట్స్ విద్యాలయపు ముద్రణాలయమువారు గ్రంథముగ అచ్చువేసిరి. ఆయుధమును ఆపవచ్చును గాని, అచ్చు పుస్తకమును ఆపుట వాక్స్వాతంత్ర్యమునకు భంగము గదా! 1996 జనవరిలో ప్రభుత్వము విచారణను విరమించెను. 1999లో జర్మనీవాడగు వెర్నర్ కోఖ్ అదే పద్ధతి ననుసరించి 'గ్నూ ప్రైవసీ గార్డ్' అనుదాని మొదటి సంపూర్ణరూపమును వెలువరించెను. దాని లోపలి వ్రాతను ఎవరైనను చదివి పరీక్షింపవచ్చును.

విద్య గొప్పదే, వాడుక కష్టము. 1999లోనే అమెరికాలో ఇద్దరు పరిశోధకులు పన్నిద్దరిని కూర్చుండబెట్టి, ఒకటిన్నర గంట గడువిచ్చి, పీ.జీ.పీ.తో జాబు పంపుడనిరి. సరిగా పంపగలిగినవారు మూడవవంతు మాత్రమే. తాళము వేయుట చేతగానివానికి గట్టి తాళ మిచ్చి ఏమి ఫలము? అంతియేగాక ఈ పద్ధతిలో జాబులోని మాట దాగునుగాని, పంపినవాని చిరునామా, అందుకొనువాని చిరునామా, మామూలుగ విషయమను శీర్షికయు లకోటాపై తెల్లముగ కానవచ్చుచునే యుండును.

ఇక పేరును దాచిన కథ. 1993లో ఫిన్లండు దేశమున యోహాన్ హెల్సింగియస్ అను నతడు ఒక సర్వరును నెలకొల్పెను. జాబు వానికి పంపినచో, పంపినవాని పేరు తీసివేసి, ఒక అంకెను పెట్టి, గమ్యమునకు పంపెడివాడు. ప్రత్యుత్తరము ఆ అంకెకు వచ్చినచో తిరిగి చేర్చెడివాడు. లక్షలాది జనులు దానిని వాడిరి. కాని ఏ అంకె ఎవరిదో తెలుపు పట్టిక ఆ ఒక్క యంత్రమున నుండవలసివచ్చెను. 1995లో ఒక మతసంస్థ ఫిర్యాదుపై పోలీసులు వచ్చి అడుగగా, ఆయన ఒకరి చిరునామాను ఇయ్యవలసివచ్చెను. మరల న్యాయస్థానమునుండి ఒత్తిడి రాగా, 1996 ఆగస్టులో తన సేవను మూసివేయుదునని ప్రకటించెను. ఆయన నిజాయితీపరుడే. అయినను ఎవనికి తెలియునో వానినే అడుగుదురు గదా! తెలిసియుండుటయే ఆపద.

దీనికి మందును డేవిడ్ చౌమ్ అను పండితుడు 1981లోనే చెప్పియుండెను. జాబును లకోటాలో పెట్టి, దానిని మరియొక లకోటాలో, దానిని వేరొక లకోటాలో పెట్టవలెను. మొదటి మజిలీవాడు పైలకోటాను మాత్రమే విప్పగలడు. లోపల రెండవ మజిలీ పేరే కానవచ్చును. ప్రతివాడును పెక్కు జాబులు పోగైనపిమ్మట వానిని కలగలిపి పంపును. తనకు ముందున్నవాడు, తన వెనుకనున్నవాడు తప్ప తక్కిన దారి ఎవనికిని తెలియదు. కౌటిల్యుని నియమమే గణితరూపమున అవతరించినట్లున్నది. ఈ పద్ధతిపై 'మిక్స్‌మాస్టర్' మొదలగు సాధనములు 1990ల దశాబ్దమున నడచినవి. నేడు వాని వాడుక మిక్కిలి సన్నగిల్లినది. పొరలు పొరలుగా కప్పు తలంపును అమెరికా నౌకాదళ పరిశోధనాలయము పెంపొందింపగా, 'టార్' అను సాధనము 2002లో బహిరంగమై నేటికిని నడచుచున్నది. అది జాబును దాచదు. జాబు ఏ ఇంటినుండి వచ్చెనో దానిని దాచును.

సంస్థలను నమ్మినవారి గతి యెట్లుండెనో రెండు కథలు చెప్పెదను. అమెరికాలో 'లావాబిట్' అను సంస్థకు నాలుగు లక్షలకు పైబడి ఖాతాదారులుండిరి. 2013లో ప్రభుత్వము ఆ సంస్థ సర్వరు తాళపుచెవి నిమ్మని ఆజ్ఞాపించెను. యజమాని లాడార్ లెవిసన్ దానిని పదునొకండు పుటలలో, కంటికానని సన్నని అక్షరములతో అచ్చువేసి యిచ్చెను. కోర్టు ఒప్పక దినమునకు 5,000 డాలర్ల చొప్పున జరిమానా విధించెను. తుదకు చెవిని ఒప్పగించి, ఆగస్టు 8న సంస్థనే మూసివేసెను. ఇచ్చట మాటను కాచు చెవి జాబు వ్రాసినవానియొద్దగాక సంస్థయొద్ద నుండుటయే మూలదోషము.

2014లో స్విట్జర్లండున 'ప్రోటాన్‌మెయిల్' వెలసెను. అందు జాబులు తెరచు చెవి ఖాతాదారుని సంకేతపదముచేత బిగింపబడియుండును, సంస్థ చదువజాలదు. 2021లో ఫ్రాన్సుదేశపు ఉద్యమకారునొకని విషయమున స్విస్ అధికారుల ఆజ్ఞ వచ్చెను. సంస్థ ఆతని అంకెల చిరునామాను నమోదుచేసి యిచ్చెను. జాబులలోని మాటలను మాత్రము ఇయ్యలేకపోయెను. మాట నిలిచినది, పేరు బయటపడినది. మొదట నేను మనవిచేసిన భేదమునకు ఇంతకంటె తేటయైన దృష్టాంతము లేదు.

ఇది విదేశముల ముచ్చటయని త్రోసిపుచ్చరాదు. సత్యేంద్ర దూబే అను ఇంజనీరు జాతీయ రహదారుల నిర్మాణమున జరుగుచున్న అక్రమములను గూర్చి 2002లో ప్రధానమంత్రి కార్యాలయమునకు జాబు వ్రాసెను. తన పేరు గోప్యముగ నుంచుడని కోరెను. ఆ జాబు పేరుతో కూడ కచేరీనుండి కచేరీకి నడచెను. 2003 నవంబరు 27న గయ పట్టణమున ఆయన కాల్చి చంపబడెను. అది దోపిడిగాండ్ర పనియని దర్యాప్తు తేల్చగా, 2010లో ముగ్గురికి శిక్ష పడెను. హత్యకు కారణమేదైనను, గోప్యముగ నుంచుమన్న పేరు చేతులు మారుట దేశమును కలచివేసెను. 2004 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము ఒక తీర్మానముచేసి, ఇట్టి ఫిర్యాదులను గోప్యముగ స్వీకరించు భారమును కేంద్ర విజిలెన్సు కమిషనునకు అప్పగించెను. అందలి పద్ధతి గమనింపదగినది. పేరు లేని ఫిర్యాదును వారు స్వీకరింపరు. పేరు మూసిన లకోటా లోపల నుండవలెను, పైన ఉండరాదు. ఆకాశరామన్నకు విలువ లేదు. అట్లని సత్యవాదిని వీధికి ఈడ్చుటయు లేదు.

చట్టము మాటయు తెలిసికొనవలెను. 1898 నాటి తపాలా చట్టమున ప్రభుత్వము జాబుల నాపి చూచు అధికారముండెను. దానికి బదులుగ వచ్చి, 2024 జూన్ 18నుండి అమలైన 2023 నాటి చట్టమునను అది కలదు. కంప్యూటరు జాబులకు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము వర్తించును. మరియొక ప్రక్క, 2017 ఆగస్టు 24న పుట్టస్వామిగారి వ్యాజ్యమున సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురును ఏకగ్రీవముగ, ఆంతరంగికత ప్రాథమికహక్కే యని తీర్పు చెప్పిరి. రాజ్యమునకు అధికారమును, పౌరునకు హక్కును రెండును కలవు. గోప్యముగ వ్రాయుట నేరస్థుని లక్షణమని యెంచరాదు. మన యింటి యుత్తరములను మనము లకోటాలో పెట్టి అంటించుట లేదా?

ఈ చరిత్రసారమును నాలుగు ప్రశ్నలుగ చెప్పెదను. మీ పిల్లలో మనుమలో ఇట్టి సాఫ్టువేరును తెచ్చి చూపినప్పుడు వీనిని అడుగుడు. దాచవలసినది మాటయా, పేరా, రెండునా? తెరచు చెవి ఎవరియొద్ద నున్నది, మనయొద్దనా, సంస్థయొద్దనా? మన పేరు తెలిసినవారు దారిలో ఎందరు, ఒక్కనికే సమస్తమును తెలియునా? అవతలివాడు దానిని సులభముగ వాడగలడా? ఈ నాలుగింటికి తగిన సమాధానము లేనిదానిని, ఎంత గట్టిదని చెప్పినను, నమ్మరాదు. లోపలి వ్రాత బహిరంగముగ నున్నదానిని మేలనుడు. పదిమంది పరీక్షించు తాళమున లోపము త్వరగా బయటపడును. 2018లో జాబులు చదువు సాధనములలో 'ఈఫెయిల్' అను లోపము అట్లే బయటపడి దిద్దబడినది. కావున ఎప్పటికప్పుడు క్రొత్తరూపమునకు మార్చుకొనుటయు అవసరమే. ఇంటివారి క్షేమసమాచారమునకు మాట దాగినచో చాలును. ప్రాణభయముతో సత్యము చెప్పువానికి మాటయు దాగవలెను, పేరును దాగవలెను. అట్టివాడు ఒక్క సాధనమును నమ్మి ఊరకుండరాదు.

తుదిమాట యొకటి. ఏ తాళమైనను వ్రాసినవాని నాలుకకు తాళము వేయజాలదు. తన ఊరి పేరో, తనకొక్కనికే తెలిసిన సంగతియో జాబులో పెట్టినవానిని ఏ గణితమును దాచలేదు. పరులపై నింద మోపుటకు ఈ విద్యను వాడువాడు చాణక్యుని కపటలేఖనే మరల వ్రాయుచున్నాడు. నిజము పలుకుటకు భయపడు దుర్బలునికి మాత్రము ఇది కవచము. కవచము కొనునప్పుడు బిగువు చూడవలెను, ఏ దిక్కున తెరపియున్నదో అదియు చూడవలెను.