గాలిని పరీక్షించే దీపాలు

బొగ్గు గనిలో దిగే కార్మికుడికి కంటికి కనిపించని శత్రువులు ముగ్గురు. నిప్పు తగిలితే పేలే మీథేన్ ఒకటి. వాసన లేకుండానే ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ రెండవది. ఆక్సిజన్ కొరత మూడవది. వీటిని ముందుగా పసిగట్టడానికి రెండు వందల ఏళ్లుగా జరిగిన కృషి ఫలితమే నేడు కార్మికుల చొక్కాకు తగిలించుకునే మల్టీగ్యాస్ డిటెక్టర్.

జ్వాల, పిట్ట

1812 మే 25న ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో పేలుడు సంభవించి 92 మంది మరణించారు. ఇలాంటి ప్రమాదాలను నివారించే మార్గం చెప్పమని హంఫ్రీ డేవీని కోరగా, ఆయన 1815లో జ్వాల చుట్టూ సన్నని తీగల వల బిగించిన దీపాన్ని రూపొందించాడు. వల వేడిని లాగేసుకోవడం వల్ల లోపలి మంట బయటి వాయువును అంటుకోదు. వెలుగు కోసం చేసిన ఈ దీపమే క్రమంగా కొలత సాధనం కూడా అయింది. మీథేన్ ఉన్నచోట వత్తి తగ్గిస్తే జ్వాలపై లేత నీలి రంగు టోపీ కనిపిస్తుంది. దాని ఎత్తును బట్టి వాయువు శాతాన్ని అంచనా వేసేవారు. ఆక్సిజన్ బాగా తగ్గితే దీపం ఆరిపోతుంది.

అయితే కార్బన్ మోనాక్సైడ్ విషయంలో ఈ దీపాన్ని నమ్ముకోవడానికి లేదు. 1896లో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గని ప్రమాదాన్ని పరిశీలించిన జాన్ స్కాట్ హాల్డేన్, మృతుల్లో ఎక్కువమంది పేలుడు వల్ల కాక ఈ విషవాయువు వల్లే చనిపోయారని తేల్చాడు. చిన్న ప్రాణులు వేగంగా శ్వాసిస్తాయి కనుక మనిషికన్నా ముందే వాటికి విషమెక్కుతుంది. అందుకే కానరీ పిట్టలను గనుల్లోకి తీసుకెళ్లే పద్ధతి వచ్చింది. బ్రిటన్ గనుల్లో వీటికి స్వస్తి చెప్పాలని నిర్ణయించింది 1986లో! కానీ పిట్ట ప్రమాదం ఉందని చెప్పగలదే తప్ప ఎంత ఉందో చెప్పలేదు.

అంకె వచ్చింది, చిక్కూ వచ్చింది

1920లలో అమెరికాలో ఆలివర్ జాన్సన్ కొత్త మార్గం కనుగొన్నాడు. వేడెక్కిన ప్లాటినం తీగపై మండే వాయువు దహనమైతే తీగ వేడి పెరిగి, విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పు ముల్లును కదిలిస్తుంది. ఇక్కడే కొత్త చిక్కు వచ్చింది. పరికరం నిజానికి కొలిచేది విద్యుత్తును, వాయువును కాదు. ముల్లు ఎక్కడ నిలిస్తే ఎంత శాతమో ముందే తెలిసిన మిశ్రమంతో దానికి నేర్పాలి. దీన్నే క్రమాంకనం అంటారు.

బెంజీన్ వంటి ఆవిర్లు పది లక్షల భాగాల్లో కొద్ది భాగాలున్నా, అంటే కొద్ది పి.పి.ఎం. ఉన్నా హానికరమే. వీటిని పట్టడానికి మళ్లీ దీపమే అక్కరకొచ్చింది, ఈసారి అతినీలలోహిత దీపం. 1960లో జేమ్స్ లవ్‌లాక్ 'నేచర్' పత్రికలో ఈ కాంతి అయనీకరణ శోధకాన్ని వివరించాడు. 1970లలో చేతిలో పట్టుకెళ్లే నమూనాలు వచ్చాయి.

క్రిప్టాన్ దీపం కిరణాల శక్తి 10.6 ఎలక్ట్రాన్ వోల్టులు. బెంజీన్ అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి 9.24 చాలు. అలా ఏర్పడిన అయాన్లు ఇచ్చే విద్యుత్తును కొలుస్తారు. ఆక్సిజన్‌కు 12.1, నైట్రోజన్‌కు 15.6 కావాలి కనుక మామూలు గాలి అడ్డురాదు. మీథేన్‌కూ 12.6 కావాలి, అంటే ఈ దీపానికి మీథేన్ కనిపించదు. ఒకే పెట్టెలో పలు సెన్సర్లు అమర్చడం అందుకే.

పరికరాన్ని సరిచూసేదెలా?

మొదట స్వచ్ఛమైన గాలిలో సున్నా పెట్టాలి. ఆవిర్లున్న గదిలో సున్నా పెడితే ఆ ఆవిరినే పరికరం 'ఏమీ లేదు' అని లెక్కిస్తుంది. తరువాత సిలిండరులోని 100 పి.పి.ఎం. ఐసోబ్యుటిలీన్‌ను పంపి, అంకె 100 చూపేలా సవరించాలి. దీపం అద్దంపై మురికి పేరుకుంటే అంకె తగ్గిపోతుంది. మండే వాయువుల సెన్సరును సిలికోన్ ఆవిర్లు పాడుచేస్తే, మీథేన్ ఉన్నా అది సున్నా చూపవచ్చు. అందుకే వాడేముందు ప్రతిరోజూ కాస్త వాయువు తగిలించి స్పందన చూడాలి.

ఐసోబ్యుటిలీన్‌తో సరిచేసిన పరికరం ఇతర ఆవిర్లను అదే లెక్కలో చూపదు. 2020 మే 7న విశాఖపట్నంలో లీకైన స్టైరీన్‌కు సవరణ గుణకం సుమారు 0.4. అంటే తెరపై 100 కనిపిస్తే నిజంగా ఉన్నది 40 పి.పి.ఎం. అమ్మోనియాకు ఈ గుణకం దాదాపు 10. శీతల గిడ్డంగిలో అమ్మోనియా లీకైనప్పుడు తెరపై 10 చూసి ధైర్యంగా లోపలికి వెళ్లినవాడు నిజానికి 100 పి.పి.ఎం. పీలుస్తాడు.

కనుక విద్యార్థులారా! ప్రయోగశాలలోనో కర్మాగారంలోనో ఇలాంటి పరికరం కనిపిస్తే తెరపై అంకె చూసి ఊరుకోకండి. దాన్ని చివరిసారి ఎప్పుడు, ఏ వాయువుతో సరిచూశారో అడగండి.