శునకవ్రణము: సరమ శాపము నుండి శరణాలయము వరకు



అనుక్రమణిక, పర్వసంగ్రహములు ముగిసి మహాభారతమున కథ మొదలగుచోట మొట్టమొదట వినవచ్చునది శంఖధ్వని కాదు, దెబ్బలు తిన్న ఒక కుక్కపిల్ల రోదనము. పరీక్షిత్తు కుమారుడైన జనమేజయుడు కురుక్షేత్రమున దీర్ఘసత్రము చేయుచుండగా, దేవశునియైన సరమ కుమారుడు ఆ ప్రదేశమునకు వచ్చెను. రాజు తమ్ములైన శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లికడకు పోయెను. తల్లి వెంటనే రాజులను నిందింపలేదు. నీవేదో అపరాధము చేసియుందువని కొడుకునే ప్రశ్నించెను. తాను హవిస్సు వైపు చూడనూ లేదని, దానిని నాకనూ లేదని అది బదులు చెప్పెను. అప్పుడు గాని సరమ యజ్ఞవాటికకు వెళ్లి అడుగలేదు. వారెవ్వరును ప్రత్యుత్తరమీయలేదు. నిరపరాధిని కొట్టితిరి గనుక మీకు కానరాని భయము కలుగునని ఆమె శపించెను.

ఈ ఘట్టమును పదకొండవ శతాబ్దిలో నన్నయభట్టు తెనిగించెను. అందు సరమ చెప్పిన పద్యము నేటికిని తెలుగు విద్యార్థులకు కంఠస్థమే. అయితే పద్యము వచ్చినవారిలో అందలి సూక్ష్మమును గమనించినవారు తక్కువ. శునకము ముట్టిన హవిస్సు దూషితమగునన్న ఆచారమును సరమ కాదనలేదు. తన బిడ్డ ఆ హద్దు దాటలేదన్నదే ఆమె వాదము. ఆచారము ఆచారముగనే నిలిచినది. కొట్టుట మాత్రము అధర్మమని తేలినది. అంత గొప్ప సత్రము చేసిన రాజు ఒక కుక్క శాపమునకు భయపడి, దానిని శమింపజేయగల పురోహితుని వెదకుచు అరణ్యమున శ్రుతశ్రవసుని ఆశ్రమమునకు పోయి, ఆయన కుమారుడైన సోమశ్రవసుని వేడుకొనవలసివచ్చెను.

రామాయణమున ఉత్తరకాండ ప్రక్షిప్తసర్గలలో ఇట్టిదే మరియొక వ్యవహారము కలదు. తల పగిలిన ఒక శునకము శ్రీరాముని ద్వారమున నిలిచెను. దేవాలయములు, రాజగృహములు, బ్రాహ్మణగృహములు తనబోటివారు ప్రవేశింపదగినవి కావని, అనుజ్ఞ లేనిదే లోనికి రానని అది లక్ష్మణునితో పలికెను. సర్వార్థసిద్ధుడను భిక్షువు తనను కారణము లేక కొట్టెనని సభలో విన్నవించెను. భిక్ష దొరకక, ఆకలిచే కలిగిన కోపమున, త్రోవకు అడ్డముగా నున్న కుక్కను కొట్టితినని ఆ బ్రాహ్మణుడు ఒప్పుకొనెను. శిక్షను శునకమే కోరుకొనెను: అతనిని కాలంజరమున కులపతిని చేయుమని! తానును పూర్వజన్మమున అక్కడి కులపతియేనని, ఆ పదవివలననే ఈ జన్మము ప్రాప్తించినదని అది చెప్పిన కారణము. మఠాధిపత్యములు, ఆలయాధికారములు చేయువారు ఈ కథను ఏటేట ఒకమారు చదువుకొనుట మేలు.

స్వర్గద్వారమున ధర్మరాజు తన వెంట వచ్చిన శునకమును విడువనన్న కథ అందరెరిగినదే. ఇంద్రుడు కూడ అచట ఆచారమునే చెప్పెను. కుక్కలు గలవారికి స్వర్గమున తావు లేదనెను. శరణాగతుని భయపెట్టుట, స్త్రీవధ, బ్రాహ్మణస్వాపహరణము, మిత్రద్రోహము ఈ నాలుగింటితో భక్తత్యాగము సమానమని ధర్మజుని సమాధానము.

ఈ మూడు కథలను ప్రక్కప్రక్కన ఉంచి చూచిన ఒక లోపము కనబడును. సరమ కుమారునికి న్యాయము దొరికినది. తల పగిలిన శునకమునకును దొరికినది. కాని ఆ తలకు కట్టు కట్టినవారెవ్వరు? సభ ముగిసిన పిమ్మట ఆ శునకము వారాణసికి పోయి ప్రాయోపవేశము చేసినదని మాత్రమే చెప్పబడినది. వైద్యుని పిలిపించిన ప్రస్తావన లేదు. అశ్వములకు శాలిహోత్రుడు, గజములకు పాలకాప్యుడు శాస్త్రకర్తలుగా ప్రసిద్ధులు. వృక్షములకు సైతము వృక్షాయుర్వేదము కలదు. రాజుల యుద్ధములకు, కోశమునకు పనికివచ్చిన వానికి అట్టి శాస్త్రములు వెలసినవి. వీధికుక్కకు అంతటి శాస్త్రకర్త లభింపలేదు.

గృహస్థునికి మాత్రము నిత్యవిధి కలదు. వైశ్వదేవానంతరము కుక్కలకు, కాకులకు, క్రిములకు, పతితులకు, రోగపీడితులకు అన్నమును నేలపై మెల్లగా ఉంచవలెనని మనువు విధించెను. విసరివేయుమని కాదు, మెల్లగా అని.

పశువులకు చికిత్స రాజధర్మమైన సాక్ష్యము తెలుగునేలపైననే శిలాక్షరములుగా నున్నది. కర్నూలు మండలమందలి ఎర్రగుడి కొండరాళ్లపై అశోకుని పదునాలుగు శిలాశాసనములు చెక్కబడియున్నవి. వానిలో రెండవది మనుష్యచికిత్సను, పశుచికిత్సను ఒకే వాక్యమున చెప్పును. మందుమొక్కలు లేనిచోట్ల తెప్పించి నాటించుట, త్రోవల వెంబడి బావులు త్రవ్వించుట కూడ అందే కలవు. చోళ పాండ్య దేశములలోను, తామ్రపర్ణిలోను, యవనరాజుల రాజ్యములలోను ఇది ఏర్పరుపబడినదని ఆ శాసనము. కుక్క పేరు ప్రత్యేకముగా లేదు. అయినను కొట్టరాదనుట వేరు, కొట్టబడినదానికి మందు వేయవలెననుట వేరు. ఆ రెండవ మాట ఇక్కడ రాతికెక్కినది.

కుక్కల కొరకే శరణాలయము వెలసిన చరిత్రకు బొంబాయి పోవలెను. ఈస్టిండియా కంపెనీవారు వీధికుక్కలను చంపినవారికి తలకు ఇంతయని బహుమానమిచ్చు పద్ధతి పెట్టిరి. 1832 జూన్ మాసమున పోలీసులు కుక్కలను చంపుచుండగా పారసీకులు తిరుగబడిరి. మరునాడు అంగళ్లు మూతపడినవి. హిందూ, జైన వర్తకులును వారితో కలసిరి. కుక్కలను చంపక ఊరి వెలుపలికి తరలించుడని పెద్దలు అర్జీ పెట్టుకొనిరి. రెండేండ్లకు, అనగా 1834లో, పారసీక ప్రముఖుడు జంషెట్జీ జీజీభాయ్, ఒక జైన శ్రేష్ఠియు కలసి భూలేశ్వరమున పాంజ్రాపోల్ స్థాపించిరి. ఇప్పుడు అచట ప్రధానముగా కనబడునవి గోవులు. మొదట తలుపు తెరచినది మాత్రము వీధికుక్కల కొరకు. మతములు వేరైనను దయ ఒక్కచోట కూడుటకు ఇంతకంటె దృష్టాంతమేల?

దక్షిణమున, విమానచోదకుడైన కెప్టెన్ వి. సుందరం మద్రాసు వరదనీటిలో కొట్టుకొనుచున్న రెండు కుక్కపిల్లలను రక్షించి ఇంటికి తెచ్చెను. 1959లో బ్లూ క్రాస్ సంస్థ అట్లు పుట్టినది. మరుసటి సంవత్సరమే, రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ చేసిన కృషి ఫలించి జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. వీధికుక్కలను చంపుట మాని శస్త్రచికిత్సతో సంతానమును నియంత్రింపుడని బ్లూ క్రాస్‌వారు అనేక సంవత్సరములు కోరగా, మద్రాసు నగరపాలక సంస్థ 1996లో అంగీకరించినది. భాగ్యనగరమున అక్కినేని అమల బ్లూ క్రాస్ స్థాపించినది 1992లో.

ఇట్టి ఆలయములలో జరుగు సేవ చూచుటకు సుకుమారమైనది కాదు. వాహనము తగిలి పడిన కుక్క ఎంత సాధువైనను నొప్పివలన కరచును. కావున ముందు మెత్తని గుడ్డపట్టెతో మూతి కట్టి, వెన్ను వంగకుండ పలకపై చేర్చి ఎత్తవలెను. పుండుపై ఈగలు వ్రాలిన కొలదిదినములకే పురుగులు పట్టును. వానిని ఒక్కొక్కటిగా తీసి, కడిగి, మందు వేసి, మరునాడు మరల చూడవలెను. వెన్నెముక విరిగినదానిని కొన్ని గంటలకొకమారు ప్రక్క మార్చవలెను, లేనిచో ఒత్తిడి పుండ్లు పడును. తనంతట మూత్రము విడువలేనిదానికి పొత్తికడుపును చేతితో ఒత్తి వెడలింపవలెను. ఈ పని చేయువారు ముందుగనే రేబీస్ టీకా వేయించుకొందురు.

ఇచట సదాచారపరులకు సందేహము కలుగును. శునకస్పర్శకు స్నానము విధింపబడినది గదా, కరచినచో ప్రాయశ్చిత్తము కూడ చెప్పబడినది గదా అని. నిజమే. పరాశరస్మృతి పంచమాధ్యాయము శునకదష్టుని శుద్ధితోనే ఆరంభమగును. స్నానము, గాయత్రీజపము అందు చెప్పబడినవి. కాని స్నానవిధి ఉన్నది స్పృశించినవానికి. స్పృశించువాడు ఉండునని శాస్త్రమునకు తెలియును. అతనికి తిరిగి వచ్చు మార్గమును తానే చూపినది. మడిలో నున్నవాడు ద్వారమున పడిన కుక్కను దాటిపోవుటకు ఆ విధిని సాకుగా చెప్పుట శాస్త్రమును తలక్రిందులు చేయుట. పుండు కడిగి, తలస్నానము చేసి, ఆరిన బట్ట కట్టుకొని సంధ్య వార్చుటకు అడ్డమేమి? గీత పంచమాధ్యాయమున సమదర్శనము చెప్పబడినచోట విద్యావినయసంపన్నుని పేరు, శునకము పేరు ఒకే శ్లోకమునందున్నవి.

చికిత్స, శస్త్రక్రియ, టీకా ముగిసిన వీధికుక్కను పట్టి తెచ్చిన చోటనే విడువవలెనని 2001 నాటి కేంద్ర నియమములు చెప్పెను. 2023లో వచ్చిన నియమములును ఆ మాటనే నిలిపినవి. గుర్తుగా చెవి కొనను చిన్న గాటు పెట్టుదురు. చూపు పోయినవి, వెనుక కాళ్లు పడిపోయినవి మాత్రము వీధికి తిరిగిపోజాలవు. అవి ఆలయముననే ఉండిపోవును. ఒక కాలు పోయినవి కొన్ని వారములలో మూడు కాళ్లతో నడక నేర్చుకొని, అన్నపుగిన్నె చప్పుడు వినగానే తక్కినవానికంటె ముందుగా వచ్చి నిలుచును.